వైరస్ ఎలుకలో ఉంది, ప్రమాదం గదిలో ఉంది

ఈ మధ్య మా పిన్ని నాకొక వార్త పంపింది. అడవి ఎలుకల్లో ఇదివరకు ఎవరూ చూడని వైరస్‌లు బయటపడ్డాయని, అవి మనుషులకు సోకే అవకాశం ఉందని దాని సారాంశం. పైన పళ్లు బయటపెట్టిన ఎలుక బొమ్మ. కింద వైరస్‌ల పేర్లు, జన్యుక్రమాల పోలికలు, తర్వాతి మహమ్మారి ఇదేనా అనే ప్రశ్న. కాసేపటికి పిన్ని ఫోన్ చేసింది. "అంతా చదివానురా. మరి నన్నేం చేయమంటారు? మందు పెట్టనా, ఊరుకోనా?" అంది.

ఆ ప్రశ్నకు జవాబు దొరుకుతుందేమోనని వార్తను మొదటి నుంచి మళ్లీ చదివాను. ఒక్క వాక్యం లేదు. చాలాకాలం మూసి ఉన్న గదిని ఎలా తెరవాలి, ఎలుక పెంటికలు కనిపిస్తే ఎలా తీయాలి, ఆ తర్వాత జ్వరమొస్తే డాక్టరుకు ఏం చెప్పాలి, ఏదీ లేదు. ఇలాంటి వార్తలు ఇంతకుముందూ చదివాను. దాదాపు అన్నింట్లోనూ ఇదే లోటు. ఇది రాసినవాళ్ల అజాగ్రత్త మాత్రమే అనుకోను. ఎలుకల వైరస్‌ల గురించి మనం ఆలోచించే తీరులోనే ఆ లోటుంది. మన చూపంతా ఎలుక ఒంట్లో ఏముందన్న దాని మీదే. రోగం వచ్చేది మాత్రం ఎలుక వదిలిపోయిన దుమ్మును మనిషి పీల్చే చోట. ఆ చోటు మీద పెట్టాల్సిన డబ్బు, శ్రద్ధ వైరస్‌ల జాబితాల మీదా, ఎలుకల మందు మీదా పోతున్నాయన్నది నా వాదన. దీనికి గట్టి అభ్యంతరాలే ఉన్నాయి. వాటిని తప్పించుకోకుండా ఆలోచించాలనే ఇది ఇంత పొడుగ్గా రాస్తున్నాను.

రోగి దగ్గర మొదలైన వెతుకులాట

కొరియా యుద్ధంలో ఐక్యరాజ్యసమితి తరఫున పోరాడిన సైనికుల్లో 3,000 మందికి పైగా ఒక జ్వరం బారిన పడ్డారు. ఒళ్లంతా నొప్పులు, రక్తస్రావం, తర్వాత మూత్రపిండాలు పనిచేయకపోవడం. చాలామంది చనిపోయారు. కారణం ఏమిటో యుద్ధం ముగిసేనాటికి కూడా తేలలేదు. 1976లో గానీ కొరియా శాస్త్రవేత్త లీ హో వాంగ్ దాన్ని పట్టుకోలేకపోయారు. వీపు మీద చార ఉండే పొలం ఎలుకల ఊపిరితిత్తుల ముక్కల మీద, జబ్బు నుంచి కోలుకున్న మనుషుల రక్తంలోంచి తీసిన సీరం వేసి చూశారు. ఆ సీరంలోని యాంటీబాడీలు ఎలుక కణాల్లో ఒకదాన్ని గుర్తుపట్టి అంటుకున్నాయి. అదే హంటాన్ వైరస్. దగ్గర్లో పారే నది పేరే దానికి పెట్టారు. ఇవాళ మనం హంటా వైరస్‌లు అంటున్న కుటుంబానికి ఆ పేరు అక్కడి నుంచే వచ్చింది.

ఇక్కడ నాకు ముఖ్యంగా తోచేది వెతుకులాట నడిచిన దారి. ముందు జబ్బుపడ్డ మనిషి, తర్వాత అతని రక్తం, ఆ రక్తం చూపించిన ఎలుక. నైజీరియాలోని లాసా అనే ఊళ్లో 1969లో ఒక మిషనరీ నర్సు జబ్బుపడి చనిపోవడంతో లాసా జ్వరం సంగతి బయటి ప్రపంచానికి తెలిసింది. దాన్ని మోసే ఎలుక ఏదో 1970ల మొదట్లో, సియెర్రా లియోన్‌లో జబ్బు వ్యాపించినప్పుడు తేలింది. అక్కడా అదే వరుస.

ఈ ఎలుకలు జబ్బుపడవు. తరతరాలుగా ఒక వైరస్, ఒక జాతి ఎలుక కలిసి బతకడానికి అలవాటుపడ్డాయి. ఒకసారి సోకితే ఎలుక దాదాపు జీవితాంతం దాన్ని మోస్తుంది. మూత్రంలో, పెంటికల్లో, చొంగలో వదులుతూ ఉంటుంది. కొట్లాడుకుని కరుచుకునే మగ ఎలుకల్లో హంటా ఎక్కువగా పాకుతుంది. పైకి చూస్తే అవి నిండు ఆరోగ్యంతో ఉంటాయి. కాబట్టి చచ్చిన ఎలుక కనిపిస్తే భయపడటం, చురుగ్గా పరుగెత్తే ఎలుకను చూసి ధైర్యపడటం ఈ విషయంలో పనికిరావు.

1993, నాలుగు రాష్ట్రాలు కలిసే చోట

నా అభిప్రాయం ఏర్పడింది 1993 కథ చదివాకే. అమెరికాలో నాలుగు రాష్ట్రాల సరిహద్దులు కలిసే చోట నవాహో అనే ఆదివాసుల భూమి ఉంది. ఆ ఏడాది మే నెలలో ఒక నవాహో యువకుడు, మంచి పరుగు పందెగాడు, కాబోయే భార్య అంత్యక్రియలకు వెళ్తూ దారిలోనే ఊపిరాడక కుప్పకూలి చనిపోయాడు. ఆమె పోయి కొద్ది రోజులే అయింది. ఆమెకూ అవే లక్షణాలు. వయసులో ఉన్నవాళ్లు, ఏ జబ్బూ లేనివాళ్లు. ఫ్లూ లాంటి జ్వరంతో మొదలై, ఊపిరితిత్తుల్లోకి ద్రవం ఊరి, గంటల్లో ప్రాణం పోయింది. ఈ రెండు చావులకూ ఏదో సంబంధం ఉందని ఒక స్థానిక వైద్యుడికి అనుమానం వచ్చింది. అతను చుట్టుపక్కల ఆసుపత్రులకు ఫోన్లు చేస్తే ఇలాంటివే మరికొన్ని బయటపడ్డాయి.

ఆ తర్వాత పని వేగంగా సాగింది. రోగుల రక్తం హంటా వైరస్‌ల పరీక్షకు స్పందించింది. కొన్ని వారాల్లోనే కొత్త వైరస్ జన్యువు దొరికింది. దాన్ని మోసేది జింక ఎలుక అని పిలిచే తెల్ల పొట్ట చిట్టెలుక. పట్టిన జింక ఎలుకల్లో సుమారు మూడో వంతుకు సోకి ఉంది. తర్వాత దానికి సిన్ నాంబ్రే అని పేరు పెట్టారు. అది కొత్తగా పుట్టిందేమీ కాదు. దాచి ఉంచిన పాత నమూనాలు తిరగేస్తే 1993కు దశాబ్దాల ముందే మనుషులకు సోకిందని తేలింది.

మరి ఆ ఏడాదే ఎందుకు? ఎల్‌నినో ప్రభావంతో అంతకుముందు వానలు, మంచు బాగా పడ్డాయి. ఎడారి నేల పచ్చబడింది. పిన్యాన్ చెట్ల గింజలు విరగకాశాయి. తిండి దొరికిన చోట ఎలుకలు పెరిగాయి. ముందటి ఏడాదితో పోలిస్తే జింక ఎలుకలు సుమారు పదింతలు ఉన్నాయని అక్కడ ఏళ్ల తరబడి ఎలుకలను లెక్కపెడుతున్న పరిశోధకులు చెప్పారు. వాళ్లు వైరస్ కోసం లెక్కపెట్టినవాళ్లు కారు. మామూలు జీవావరణ పరిశీలనలో భాగంగా ఏటా ఎలుకలను పట్టి, రాసుకుని, వదిలేసేవాళ్లు. ప్రాణాలు కాపాడే సమాచారం ఆ నోటు పుస్తకాల్లో దొరికింది.

నవాహో పెద్దలు కూడా అదే మాట చెప్పారు. వానలు బాగా పడి గింజలు విరగకాసిన ఏడు ఎలుకలు పెరుగుతాయి, ఎలుకలు పెరిగిన ఏడు యువకులు చనిపోతారు, ఎలుకలను ఇంట్లోకి రానివ్వకూడదు, అవి ముట్టిన బట్టలు వాడకూడదు. ఇది వాళ్లకు తరాలుగా తెలిసిన సంగతి. అంత తెలిసినవాళ్లకు పత్రికల్లో దక్కింది మాత్రం నింద. కొన్నిచోట్ల ఆ జబ్బుకు నవాహో ఫ్లూ అని పేరు పెట్టారు. హోటళ్లలో వాళ్లకు వడ్డించడానికి వెనకాడారు. ఒక వైరస్ వార్త ఎలుక బొమ్మతో మొదలై ఒక జాతి ప్రజల మీదికి ఎంత త్వరగా మళ్లుతుందో చూస్తే నాకు ఇప్పటికీ బాధేస్తుంది. చోటు గురించి, పని గురించి మాట్లాడకుండా జీవి గురించే మాట్లాడితే, ఆ జీవితో కలిసి బతుకుతున్నవాళ్లే నేరస్థుల్లా కనిపిస్తారు.

రోగుల ఇళ్లనూ, పక్కనున్న ఇళ్లనూ పోల్చి చూసినప్పుడు రోగుల ఇళ్లలో ఎలుకలు ఎక్కువగా పట్టుబడ్డాయి. ఎలుకలున్న చోట శుభ్రం చేసే పనులు, మూసి ఉన్న కొట్టాలూ సామాన్ల గదులూ తెరిచి ఊడవడం మళ్లీ మళ్లీ వినిపించాయి. ఎండిన మూత్రం, పెంటికలు పొడై గాల్లోకి లేస్తాయి. చీపురు పట్టిన మనిషి ఆ గాలి పీలుస్తాడు. ఎండ తగిలితే ఈ వైరస్ త్వరగా చస్తుంది. చీకటిగా, చల్లగా ఉన్న మూసిన గదిలో రోజుల తరబడి ఉండగలదు. అడవిలో ఎలుక పక్కనుంచి నడిచి వెళ్లినవాడికంటే తాళం తీసి గది ఊడ్చినవాడికి ప్రమాదం ఎక్కువ.

జాబితా వల్ల ఉపయోగం లేదా?

ఇక్కడ నన్ను ఎక్కువగా ఇబ్బంది పెట్టిన అభ్యంతరం ఒకటుంది. 1993లో కొన్ని వారాల్లో జవాబు దొరికిందంటే, అంతకుముందే హంటాన్ వైరస్ ఎవరో కనిపెట్టి, దాని పరీక్షలు తయారు చేసి పెట్టారు గనకే. కొరియాలో పాతికేళ్లు పట్టిన పని అమెరికాలో అంత త్వరగా అయిందంటే అది జాబితా చేసిన మేలే కదా? అలాంటప్పుడు అడవి ఎలుకల్లో ఉన్నవన్నీ ముందే కనిపెట్టి పెట్టుకుంటే తప్పేముంది?

ఈ ప్రశ్నను తేలిగ్గా కొట్టిపారేయలేను. తెలిసిన వైరస్‌తో పోలిక లేకపోతే తెలియని వైరస్ చీకట్లోనే ఉంటుంది, నిజమే. కానీ ఆ పోలికకు పనికొచ్చినవి ఎలాంటివో చూడాలి. మనుషులకు జబ్బు చేసిన వైరస్‌లు, రోగుల సీరం భద్రంగా దాచిన శీతల గదులు, వాటితో పరీక్ష చేయగల మనుషులు. దీన్ని కాదనేవాళ్లెవరూ లేరు. దీనికీ, అడవిలో కనిపించిన ప్రతి ఎలుకలోంచీ వైరస్ ముక్కల జన్యుక్రమాలు పోగేయడానికీ చాలా తేడా ఉంది. అమెరికా అంతర్జాతీయ అభివృద్ధి సంస్థ డబ్బుతో 2009లో మొదలైన ప్రెడిక్ట్ పథకం పదేళ్లకు పైగా నడిచింది. దాదాపు 20 కోట్ల డాలర్ల ఖర్చుతో 900కు పైగా కొత్త వైరస్‌లను కనిపెట్టింది. 2018లో వచ్చిన ఇంకో అంచనా ప్రకారం క్షీరదాల్లో, పక్షుల్లో మనకు తెలియని వైరస్‌లు 16 లక్షలకు పైనే. వాటిలో ఆరు లక్షల నుంచి ఎనిమిది లక్షల దాకా మనుషులకు సోకగలవట. ఆ అంకె పట్టుకుని ఒక జిల్లా ఆరోగ్య అధికారి రేపు పొద్దున ఏ నిర్ణయం తీసుకోగలరు? ఎంత ఆలోచించినా నాకు తోచలేదు.

అదే ఏడాది ఎడ్వర్డ్ హోమ్స్, ఆండ్రూ రాంబో, క్రిస్టియన్ ఆండర్సన్ అనే ముగ్గురు శాస్త్రవేత్తలు నేచర్ పత్రికలో ఒక వ్యాసం రాశారు. వైరస్‌లను చూసి మహమ్మారిని ముందే పసిగట్టలేమని, ఆ డబ్బు మనుషుల మీద నిఘాకు పెట్టమని దాని సారాంశం. వాళ్లు వైరస్‌ల పరిణామాన్ని జీవితమంతా చదువుతున్నవాళ్లు. జన్యుక్రమం చూస్తే వైరస్ ఏ కుటుంబానిదో తెలుస్తుంది. అది మనిషి కణంలో పెరుగుతుందా, మనిషి నుంచి మనిషికి పాకుతుందా, ఎంతమందిని చంపుతుంది అన్నవి ఆ అక్షరాల్లోంచి ఇప్పటికీ నమ్మకంగా చదవలేం.

అడవుల్లోకి వెళ్లి శ్రమపడి నమూనాలు తెచ్చేవాళ్ల మీద నాకు గౌరవముంది. వాళ్లలో చాలామంది స్థానిక వైద్య సిబ్బందికి శిక్షణ ఇచ్చారు, ప్రయోగశాలలు నిలబెట్టారు. ప్రెడిక్ట్ చేసిన పనుల్లో నిలిచేది అదేనని నా అభిప్రాయం. వార్తల్లోకి వచ్చింది మాత్రం వైరస్‌ల లెక్క.

ఎవరూ అడగని ప్రశ్న

నాకు తెలిసినాయన ఒకరు ధాన్యం గిడ్డంగిలో పనిచేస్తారు. ఒకసారి ఆయనకు ఎక్కువ జ్వరం వచ్చి, ప్లేట్‌లెట్లు తగ్గి ఆసుపత్రిలో చేరారు. నేను పక్కనే ఉన్నాను. దోమలు కుట్టాయా అని అడిగారు. బయట తిన్నారా, ఎక్కడికైనా ప్రయాణం చేశారా అని అడిగారు. మీరు చేసే పనేమిటి, ఈ మధ్య ఎలుకలున్న చోట ఊడ్చారా అని ఒక్కరూ అడగలేదు. డెంగీ కాదని తేలాక, వైరల్ జ్వరం అని రాసి, తగ్గాక ఇంటికి పంపేశారు. అది హంటా అని నేననడం లేదు. అయి ఉండకపోవచ్చు, వేరే ఏదైనా కావచ్చు. ప్రశ్నే అడగకపోతే జవాబు ఎప్పటికీ తెలియదనే నా బాధ.

ఎలుకల వైరస్‌ల జబ్బులన్నీ మొదటి రోజుల్లో ఒకేలా ఉంటాయి. జ్వరం, ఒళ్లు నొప్పులు, తలనొప్పి, వాంతులు. డెంగీ, మలేరియా, టైఫాయిడ్, ఎలుక మూత్రం నుంచే వచ్చే బాక్టీరియా జబ్బు లెప్టోస్పైరోసిస్, అన్నీ ఇలాగే మొదలవుతాయి. పైగా హంటా సోకాక లక్షణాలు కనిపించడానికి ఒక వారం నుంచి ఎనిమిది వారాల దాకా పట్టొచ్చు. నెలన్నర కిందట గది ఊడ్చిన సంగతి జ్వరంతో మంచమెక్కిన మనిషికి ఎందుకు గుర్తొస్తుంది? అడిగేవాళ్లు అడగాలి.

లాసా జ్వరం దీనికి పెద్ద సాక్ష్యం. పశ్చిమాఫ్రికాలో ఆ వైరస్ సోకినవాళ్లలో నూటికి 80 మందికి లక్షణాలే ఉండవు, ఉన్నా స్వల్పం. మొత్తం మీద చనిపోయేది నూటికి ఒకరు. ఆసుపత్రిలో చేరేంత జబ్బుపడ్డవాళ్లలో మాత్రం ఆ లెక్క సుమారు 15కు చేరుతుంది. బతికి బయటపడ్డవాళ్లలో దాదాపు నాలుగో వంతు మందికి వినికిడి దెబ్బతింటుంది. కొందరికి కొన్ని నెలల్లో కొంత తిరిగొస్తుంది, కొందరికి ఎన్నటికీ రాదు. నేను ఆగి ఆలోచించింది ఈ చెవుడు దగ్గరే. మలేరియా అనుకుని మందు మింగిన ఒక రైతు కూలికి జ్వరం తగ్గుతుంది, చెవులు పోతాయి. ఆ చెవుడుకు కారణం ఎలుక అని అతనికి ఎవరూ చెప్పరు. ఏ లెక్కలోనూ అది ఎక్కదు. రైబవిరిన్ అనే మందు త్వరగా మొదలుపెడితే ప్రయోజనం ఉంటుందని వాడుతున్నారు. త్వరగా మొదలుపెట్టాలంటే ముందు జబ్బు పేరు తెలియాలి. పేరు తెలియాలంటే ఊరికి దగ్గర్లో పరీక్ష ఉండాలి.

చంపేస్తే పోదా?

పిన్ని ప్రశ్నలో రెండో సగం ఇది. చాలామంది ప్రశ్న కూడా ఇదే. ఇక్కడ నా వాదనకు అడ్డం వచ్చే కథ బొలీవియాలో ఉంది. 1960ల మొదట్లో శాన్ హోకిన్ అనే చిన్న పట్టణంలో మచూపో అనే వైరస్ చాలామందిని బలి తీసుకుంది. దాన్ని మోసే చిట్టెలుక ఇళ్లలోకి చొరబడిందని తేలాక, 1964లో ఇంటింటా బోనులు పెట్టి ఎలుకలను పట్టారు. జబ్బు ఆగిపోయింది. ఎలుకలను తొలగిస్తే లాభం లేదనేవాళ్లు ఈ కథకు జవాబు చెప్పాలి.

నేను చెప్పుకున్న జవాబు ఇది. అక్కడ పట్టింది ఇళ్లలోని ఎలుకలను. జబ్బు అంటుకుంటున్న చోటు తెలుసు, మోసే జాతి తెలుసు, పట్టణం చిన్నది. గది ప్రమాదమన్న నా మాటకు ఇది ఎదురు కాదు, తోడు. ఇంట్లో బోను పెట్టడం మంచి పనే. పొలాల్లో, అడవి అంచుల్లో మందు చల్లి ఎలుక జాతిని తుడిచేద్దామనుకుంటేనే చిక్కు. పశ్చిమాఫ్రికా గ్రామాల్లో లాసా ఎలుకలను తగ్గించినా, పని ఆపగానే మళ్లీ పెరిగాయి. ఖాళీ అయిన ఇంటికి పొలంలోని ఎలుక వస్తుంది. త్వరగా ఎదిగి, త్వరత్వరగా పిల్లలు పెట్టి, తొందరగా చచ్చే జాతులే మనుషులకు సోకే రోగకారకాలను ఎక్కువగా మోస్తాయని, ఎలుక జాతుల లక్షణాలను కంప్యూటర్‌తో పోల్చి చూసిన 2015 నాటి అధ్యయనం చెప్పింది. అంటే మనం చంపితే ముందుగా కోలుకుని తిరిగొచ్చేవి సరిగ్గా అవే.

పనామాలో పరిశోధకులు ఒక ప్రయోగం చేశారు. కొన్ని చోట్ల హంటాను మోయని చిన్న జంతువులను పట్టి తీసేశారు. మోసే జాతులకు పోటీ తగ్గింది. వాటి సంఖ్య పెరిగింది, వాటిలో వైరస్ సోకినవాటి పాలు కూడా పెరిగింది. జంతు వైవిధ్యం ఎక్కువుంటే ప్రతిచోటా జబ్బు తగ్గుతుందని దీన్నిబట్టి చెప్పలేం. ఈ విషయం మీద శాస్త్రవేత్తల మధ్య వాదన ఇంకా నడుస్తోంది. కానీ 2020లో నేచర్‌లో వచ్చిన ఒక పెద్ద విశ్లేషణ మాత్రం స్పష్టంగా ఉంది. మనుషులు సాగులోకి తెచ్చిన, కట్టడాలు కట్టిన నేలల్లో, మనకు రోగాలు తేగల జాతుల పాలు చుట్టుపక్కల సహజంగా వదిలేసిన నేలలకంటే ఎక్కువ. ఎలుకల్లో, గబ్బిలాల్లో ఇది మరీ ఎక్కువగా కనిపించింది. అడవి ఎలుక వైరస్ అంటే ఎక్కడో దట్టమైన అడవిలో ఉంటుందనుకుంటాం. అడవి కొట్టిన చోట, మనం పోసిన గింజల పక్కన అది బాగా బతుకుతోంది.

ఇక పెంపుడు జంతువుల వ్యాపారం సంగతి క్లుప్తంగా. 2003లో ఘనా నుంచి అమెరికాకు తెచ్చిన ఎలుకలూ ఉడుతల నుంచి ఎంపాక్స్ (అప్పట్లో మంకీపాక్స్ అనేవారు) వైరస్ ప్రెయిరీ డాగ్‌లనే జంతువులకు, వాటి నుంచి ఆరు రాష్ట్రాల్లో 47 మందికి సోకింది. అడవి జంతువును పెట్టెలో పెట్టి సముద్రం దాటించడం ఆపేయడానికి ఏ జన్యుక్రమమూ అక్కర్లేదు.

మనిషి నుంచి మనిషికి పాకితే?

నా వాదన విన్న ఒక స్నేహితుడు సూటిగా అడిగాడు. "గది, చీపురు అంటున్నావు సరే. రేపు ఏదో ఒక ఎలుక వైరస్ మనుషుల మధ్య పాకడం మొదలుపెడితే నీ బ్లీచింగ్ నీళ్లు ఏం చేస్తాయి?"

అది ఇప్పటికే జరిగింది. దక్షిణ అమెరికాలోని ఆండీస్ అనే హంటా వైరస్ ఆ పని చేయగలదని 1996 నుంచి తెలుసు. 2018 చివర్లో అర్జెంటీనాలోని ఎపుయెన్ అనే చిన్న ఊళ్లో ఒక వ్యక్తికి బహుశా ఎలుకల నుంచే అది సోకింది. జ్వరంతోనే అతను ఒక పుట్టినరోజు వేడుకకు వెళ్లాడు. అక్కడి నుంచి పాకి, అతనితో కలిపి మొత్తం 34 మందికి సోకింది, 11 మంది చనిపోయారు. తర్వాత వైరస్ జన్యువును చదివి చూస్తే, అది 1996లో ఆ ప్రాంతంలోనే మనిషి నుంచి మనిషికి పాకిన రకాన్ని పోలి ఉంది. మొదట్లో ఒక రోగి నుంచి సగటున ఇద్దరికి పైగా సోకుతోంది. 18 మందికి నిర్ధారణ అయ్యాక రోగులను విడిగా ఉంచారు, వాళ్లను కలిసినవాళ్లను ఇళ్లలోనే ఉండమన్నారు. ఆ సగటు ఒకటి కిందికి దిగింది. జబ్బు ఆగింది.

నా స్నేహితుడి భయం ఉత్తుత్తిది కాదు. మూడో వంతు మందిని చంపే వైరస్ ఒక వేడుకలో పాకిందంటే నాకూ గుండె ఝల్లుమంటుంది. అయితే అక్కడ ఊరిని కాపాడింది జబ్బు సంగతి తెలిసిన వైద్యులు, పరీక్ష చేయగల ప్రయోగశాల, వారాల తరబడి గడప దాటని జనం. ఆ ప్రాంతానికి ఆ జబ్బు ఇదివరకే అనుభవం. ఆండీస్ వైరస్ పేరు కూడా వినని ఊళ్లో అదే వేడుక జరిగి ఉంటే, 18 మందికి నిర్ధారణ అయ్యేసరికి ఎన్ని ఊళ్లు దాటేదో. మహమ్మారి భయం నిజమైనప్పుడు కూడా నా జవాబు మారదు. మొదటి జ్వరాన్ని పట్టుకోగల చిన్న ఆసుపత్రి కావాలి.

గది గురించి మాట్లాడదాం

2012 వేసవిలో అమెరికాలోని యోసెమిటీ జాతీయ ఉద్యానవనానికి వెళ్లొచ్చినవాళ్లలో పదిమందికి హంటా సోకింది. ముగ్గురు చనిపోయారు. పదిమందిలో తొమ్మిదిమంది ఒకే రకం గుడారాల్లో బస చేశారు. చలి తగలకుండా వాటికి రెండు పొరల గోడలు కట్టారు. ఆ రెండు పొరల మధ్య సందులో జింక ఎలుకలు గూళ్లు పెట్టాయి. మనుషులు పడుకున్న మంచానికి, ఎలుకల గూటికి మధ్య ఒక పలక అడ్డం. ఆ ఉద్యానవనంలో జింక ఎలుకలు అంతకుముందూ ఉన్నాయి, వైరస్ కూడా ఉంది. కొత్తగా వచ్చింది ఆ గోడ. తర్వాత ఆ గుడారాలను తీసేశారు.

నేను చోటు అంటున్నది దీన్నే. గింజలు నిలవ చేసే పాత్రకు మూత ఉందా, గోడకు తలుపుకు మధ్య సందుందా, కూలీలు పడుకునేది ధాన్యం పక్కనా, గిడ్డంగి ఊడ్చేవాళ్లకు ముఖానికి కట్టుకోవడానికి మంచి మాస్క్ ఇచ్చారా. ఇవి ఇల్లు కట్టేవాళ్లు, యజమానులు, ప్రభుత్వాలు తేల్చాల్సినవి. అన్నీ ఇంటి మనిషి శుభ్రత మీదికి నెట్టేస్తే అది ఇంకో రకం నింద అవుతుంది. పగిలిన మట్టిగోడ ఉన్నవాడు ఎలుకను ఎలా ఆపుతాడు?

గదిని శుభ్రం చేసే పద్ధతి మాత్రం ఎవరైనా పాటించగలిగేదే. తలుపులు, కిటికీలు తెరిచి అరగంట బయట ఉండాలి. చేతులకు తొడుగులు వేసుకోవాలి. పెంటికలు, గూళ్లు కనిపించిన చోట పొడి చీపురు పెట్టకూడదు, వాక్యూమ్ క్లీనర్ పెట్టకూడదు. ఒక పాలు బ్లీచింగ్ ద్రవానికి తొమ్మిది పాళ్ల నీళ్లు కలిపి, బాగా తడిసేలా చల్లి, ఐదు నిమిషాలు ఆగి, కాగితంతోనో గుడ్డతోనో తీసి సంచిలో కట్టేయాలి. ఈ వైరస్‌ల మీద కొవ్వు పొర ఉంటుంది, ఆ ద్రావణానికి అది నిలవదు. పిన్నికి ఇదే చెప్పాను. ఇంట్లో తిరిగే మామూలు చిట్టెలుకను కూడా వదలొద్దని చెప్పాను. ఎల్‌సీఎమ్ అని పిలిచే వైరస్‌ను అదే మోస్తుంది. 1930ల నుంచి తెలిసిన ఆ వైరస్ గర్భిణులకు సోకితే కడుపులో బిడ్డ మెదడుకు, కళ్లకు తీవ్రంగా హాని చేస్తుంది. దాని మీద భయపెట్టే వార్తలు రావు, అది కొత్తది కాదు గనక.

ముందుగా హెచ్చరించడమూ సాధ్యమే. జర్మనీలో బీచ్ అనే అడవి చెట్లు విరగకాసిన మరుసటి ఏడాది బ్యాంక్ వోల్ అనే చిట్టెలుకలు పెరిగి, పూమాలా అనే హంటా వైరస్ జ్వరాలు పెరగడం పదేపదే చూశారు. 2012లో అక్కడ 2,800 దాకా కేసులు వచ్చాయి. చెట్టు కింద రాలిన గింజలు చూసి, వచ్చే వసంతంలో కట్టెల కొట్టం తెరిచేటప్పుడు జాగ్రత్త అని చెప్పొచ్చు. నవాహో పెద్దలు చెప్పిందీ ఇదే వరుస.

ఇంత రాశాక కూడా ఒక సందేహం మిగిలింది. అమెరికాలో 1993 నుంచి 2022 చివరి దాకా నమోదైన హంటా కేసులు 864. ముప్పై ఏళ్లకు ఇంత తక్కువ కేసులొచ్చే జబ్బుకు పరీక్షలు, శిక్షణ, గోడల మరమ్మతు అంటే ఏ ప్రభుత్వం వింటుంది? డబ్బు లెక్కలు చూసేవాళ్లతో ఈ వాదన గెలవడం కష్టమే. అలాంటప్పుడు నేను చూపించేది అర్జెంటీనానే. అక్కడి పంపా మైదానాల్లో మొక్కజొన్న కోతల కాలంలో కూలీలకు హునిన్ అనే ఎలుక వైరస్ సోకేది. ఆసుపత్రిలో చేరినవాళ్లలో ఆరుగురికొకరు చనిపోయేవారు. హూలియో మైస్తెగి అనే వైద్యుడు, ఆయన బృందం కోలుకున్నవాళ్ల ప్లాస్మాను జబ్బు మొదలైన ఎనిమిది రోజుల్లోపు ఎక్కించి చూశారు. చావులు నూటికి ఒకటికి తగ్గాయని 1979లో ప్రకటించారు. తర్వాత 6,500 మంది వ్యవసాయ కూలీల మీద టీకా పరీక్షించారు. జబ్బుపడ్డ 23 మందిలో 22 మంది ఉత్తుత్తి టీకా పడ్డవాళ్లే. అది కొన్ని జిల్లాల కూలీలకు మాత్రమే వచ్చే జబ్బు, అమ్ముకుని లాభం తీసుకునే టీకా కాదు. అందుకే చివరికి అర్జెంటీనా ప్రభుత్వ సంస్థే దాన్ని సొంతంగా తయారు చేయడం మొదలుపెట్టింది, 2006లో అనుమతి కూడా వచ్చింది. ఆ మైదానాల్లో ఎలుకలు ఇప్పటికీ ఉన్నాయి, వాటిలో వైరస్ కూడా ఉంది. కోతకు వెళ్లే కూలీలకు టీకా వేస్తున్నారు.